పిల్లి పలికిన కింది స్వరం

నల్లపిల్లిని నల్ల సింథసైజరు మీద కూర్చోబెడితే ఫొటోలో రెండు కళ్ళు తప్ప ఇంకేమీ పడవని ప్రణవికి మూడు ఫొటోలు తీశాక గానీ తట్టలేదు. లోపలికి వెళ్ళి తల్లి పాత పసుపుపచ్చ చున్నీ తెచ్చి మీటల మీద పరిచింది. దాని మీద గురగుర మెత్త వేసి, మెత్త మీద మిరియాన్ని కూర్చోబెట్టింది.

"కదలకే మిరియం. నీ అభిమానులంతా ఎదురుచూస్తున్నారు."

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. సులోచన గడప దగ్గర కూర్చుని గోంగూర దూస్తోంది. వాకిట్లో కొన్న రొయ్యలు పంపు దగ్గర గిన్నెలో ఉన్నాయి. ఆమె భర్త చంద్రం పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. రాత్రి కచేరీ చేసి వచ్చి అప్పుడే లేచాడు. టీ గ్లాసు పట్టుకుని, తన సింథసైజరును పిల్లి ఆక్రమించడం చూసి కూడా ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది రోజూ ఉండేదే.

మిరియం కళ్ళు మూసుకుని గురగురలాడటం మొదలుపెట్టింది. స్పీకరులోంచి వేణువులాంటి స్వరం వచ్చింది. అయితే అది ఎప్పుడూ వచ్చే సన్నని, నిలకడైన స్వరం కాదు. మొదలవుతూనే రెండు మెట్లు కిందికి జారి, అక్కడ వణుకుతూ ఆగింది.

"అదేంటే, శ్రుతి దిగిపోయింది?" అన్నాడు చంద్రం. "మెత్త పాడైందేమో చూడు సులోచనా."

సులోచన చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. మెత్త పాడవలేదని ఆమెకు తెలుసు. ఆ స్వరాన్ని ఆమె అంతకు ముందు నాలుగిళ్ళ రికార్డుల్లో విని ఉంది.

ఆ మెత్తను తయారుచేసింది ఆమే. సామర్లకోట దారిలో ఉన్న ఒక ప్రైవేటు శబ్ద పరిశోధన కేంద్రంలో ఆమె పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. పిల్లి గురగురలాడేటప్పుడు దాని గొంతు సెకనుకి పాతికసార్లో ముప్పైసార్లో కొట్టుకుంటుంది. ఆ కదలికను పట్టుకునే సన్నని సెన్సర్లను దూదిలో కుట్టి, తీగ తెచ్చి చంద్రం సింథసైజరుకి తగిలించింది, కూతురిని నవ్విద్దామని. పిల్లి కూర్చుంటే పాట వచ్చింది. వేణువు నొక్కితే వేణువు, వయొలిన్ నొక్కితే వయొలిన్. ప్రణవి ఆ ఫొటోలు ఫోనులో పెట్టింది. ఊళ్ళో సగంమంది పిల్లులు కీబోర్డుల మీదా, రిథం ప్యాడ్ల మీదా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చోవడం మొదలైంది. అది చూసి ఆమె పైఅధికారి డాక్టర్ విఠల్ నలభై ఇళ్ళకు మెత్తలు ఉచితంగా ఇప్పించాడు. పిల్లుల మనోభావాల మీద పరిశోధన అని కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. ప్రతి ఇంటి రికార్డూ రోజూ కేంద్రానికి చేరేది.

మొదటి కింది స్వరం రామారావుపేటలో ఒక టీచరుగారింట్లో వచ్చింది. ఆరు వారాలకు ఆ ఇంటి పెద్దావిడ మంచం పట్టింది. క్లోమంలో కేన్సరన్నారు. అప్పటికి ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు. రెండోది చంద్రం బృందంలో రిథం ప్యాడ్ వాయించే గౌరీశంకర్ ఇంట్లో. అక్కడి రికార్డు చూసినప్పుడు సులోచనకు మొదటి ఇల్లు గుర్తుకొచ్చి అనుమానం కలిగింది. విఠల్‌తో చెబితే, "ఒక్క కేసుని పట్టుకుని ఏం చెబుతాం సులోచనగారూ? ఆగండి" అన్నాడు. ఆగింది. ఎనిమిది వారాలు గడిచాక గౌరీశంకర్‌కి కామెర్లు వచ్చాయి. మూలం క్లోమంలోనే అన్నారు. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అతని శవాన్ని మోసినవాళ్ళలో చంద్రం ఒకడు. మూడో ఇంట్లోనూ అదే జబ్బు బయటపడింది. నాలుగో ఇంట్లో, అంటే రిటైరైన పోస్టుమాస్టరు బాపిరాజుగారింట్లో, నెలరోజులుగా స్వరం కిందనే ఉంది. అక్కడ ఇంకా ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు అయిదోది తన ఇల్లు.

"అమ్మా, ఏమైంది?" అంది ప్రణవి ఫోను దించి.

"ఏం లేదు. మెత్త తీసెయ్యి. కడగాలి."

*

సోమవారం పొద్దున్నే సులోచన విఠల్ గదిలోకి వెళ్ళింది. ఆయన రికార్డు రెండుసార్లు విన్నాడు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎవరికంటారు?" అన్నాడు.

"అదే తెలీదు కదండీ. మనిషి ఒంటి వాసనలో ఏదో మార్పు వస్తుంది. దాని దగ్గర కాసేపున్నాక పిల్లి గొంతు బిగుసుకుంటోంది. ఎవరి ఒంట్లోనో పిల్లికి తెలుసు. మనకి ఇల్లు మాత్రమే తెలుస్తోంది."

"మీ ముగ్గురూ పరీక్షలు చేయించుకోండి. వెంటనే."

"బాపిరాజుగారి వాళ్ళకి?"

విఠల్ మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ మాటైనా కొలిచి మాట్లాడే మనిషి. "సులోచనగారూ, మన చేతిలో ఉన్నవి మూడు కేసులు. పొరపాటైతే? అరవయ్యేళ్ళ మనిషిని పిలిచి నీ ఇంట్లో ఎవరికో కేన్సరుందని పిల్లి చెప్పిందంటామా? ఊరంతా పాకుతుంది. పిల్లుల్ని రోడ్డుమీద పారేస్తారు. ఏడాది చూద్దామనుకున్నాం కదా, అందాకా ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టాం కదా."

"మరి నన్ను చేయించుకోమన్నారు."

"మీకెలాగూ తెలిసిపోయింది" అన్నాడాయన.

సులోచన లేచి బయటికి వచ్చింది. మధ్యాహ్నానికల్లా సెలవు పెట్టి భర్తనీ కూతురినీ స్కానింగుకి తీసుకెళ్ళింది. ఎందుకో చెప్పకుండా ఉండలేకపోయింది. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని మెల్లగా చెప్పింది. చంద్రం అంతా విన్నాడు. ముందు కూతురి వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు.

"గౌరీశంకర్ ఇంట్లో కూడా ఇలాగే వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"అతను పడిపోవడానికి రెండు నెలల ముందు."

చంద్రం లేచి వరండా చివరిదాకా వెళ్ళి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. పేరు పిలిచేదాకా తిరిగి రాలేదు.

*

ముగ్గురికీ ఏమీ లేదని తేలింది. డాక్టరు కాగితాలు తిరగేసి, ఇంతమంచి రిపోర్టులు పట్టుకుని అంత దిగులు మొహాలేంటండీ అన్నాడు. ఇంటికొచ్చాక ప్రణవి నవ్వడానికి ప్రయత్నించింది గానీ మిరియాన్ని ఎత్తుకోలేదు. పిల్లి వచ్చి కాళ్ళకు రాసుకుంటే మెల్లగా పక్కకు జరిగింది. చంద్రం సింథసైజరుకి గుడ్డ కప్పేశాడు. అన్నాలు తినేటప్పుడు ఒకరి కంచంలోకి ఒకరు చూసుకునేవారు, ఎవరు ఎంత తింటున్నారోనని. ఒకసారి చంద్రానికి పొలమారితే తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే లేచారు.

రిపోర్టులు బాగున్నా సులోచన మనసు కుదుటపడలేదు. స్కానింగుకి కూడా దొరకనంత చిన్నదైతే? ఆమె కేంద్రంలో కూర్చుని తన ఇంటి రికార్డును గంటలవారీగా విడదీసింది. సొంత ఇల్లే కదా అని దాన్ని ఆమె అంతవరకూ తెరిచి చూడలేదు, స్పీకరు ఆపి ఉన్నప్పుడు పడిన స్వరాలు ఇంట్లో ఎవరూ వినలేదు. మూడు వారాల కిందటిదాకా అంతా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత కూడా రోజూ పడిపోవడం లేదు. ఆదివారం, బుధవారం, మళ్ళీ ఆదివారం. తొమ్మిది దాటాక మొదలై, గంటో గంటన్నరో ఉండి, మళ్ళీ మామూలు స్వరం. బుధవారాలు ఆ వేళకి చంద్రం రిహార్సల్‌లో ఉంటాడు. ప్రణవి కాలేజీలో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. బుధవారాలు ఆమె పదకొండింటికి గానీ కేంద్రానికి వెళ్ళదు.

అయితే తనే.

ఆ మాట మనసులో అనుకున్నాక ఆమెకు విచిత్రంగా కొంత నెమ్మది కలిగింది, కూతురు కానందుకు. అది ఎంతోసేపు నిలవలేదు. ప్రణవి డిగ్రీ ఇంకా రెండేళ్ళుంది. చంద్రానికి బియ్యం డబ్బా ఎక్కడుంటుందో కూడా సరిగ్గా తెలీదు. అలాంటి చిన్న చిన్న సంగతులన్నీ వరసగా వచ్చి మీద పడ్డాయి.

బుధవారం ఆమె సెలవు పెట్టింది. భర్తా కూతురూ వెళ్ళాక సింథసైజరు మీది గుడ్డ తీసి, మెత్త తన ఒళ్ళో వేసుకుని, మిరియాన్ని దాని మీద కూర్చోబెట్టుకుంది. ఎనిమిదింటినుంచి తొమ్మిదింటిదాకా అలాగే కూర్చుంది. పిల్లి గురగురలాడింది. వేణువు స్వరం సన్నగా, నిలకడగా వస్తూనే ఉంది. ఒక్క వణుకు లేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కినా ఆమె కదల్లేదు.

తొమ్మిదింబావుకి వీధిలో కేక వినిపించింది. "చేపలమ్మా, చేపలూ."

మిరియం ఒళ్ళోంచి ఒక్క దూకు దూకి అరుగు మీదికి పరిగెత్తింది.

నూకరత్నం గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుంటోంది. ఉప్పాడనుంచి తెల్లవారే బస్సుకి వచ్చి, ఆ వీధుల్లో వారానికి రెండుసార్లు చేపలమ్ముతుంది. పదకొండేళ్ళనుంచి ఈ అరుగు మీదే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ఒక చేపతల తినిపించి వెళ్తుంది. మిరియం ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది.

"ఏటమ్మా, మొకవేటి అలాగుంది?" అంది నూకరత్నం. "పండుగప్పలున్నాయి. సూడు, కళ్ళెలా మెరుత్తున్నాయో."

సులోచన చేపలు తీసుకుంది. నూకరత్నం మెడ దగ్గర ఎముకలు తేలి ఉండటం ఆమె ఆ రోజే చూసింది. రవిక భుజాల దగ్గర వదులైపోయింది. నూకరత్నం వెళ్ళిపోయాక మిరియం లోపలికొచ్చి, మూతి నాక్కుని, మెత్త మీద ముడుచుకుని పడుకుంది. స్పీకరులోంచి స్వరం వచ్చి, రెండు మెట్లు జారి, వణికింది.

సులోచన గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది. హమ్మయ్య అనుకుంది. నిజంగా పైకే అంది ఆ మాట. అన్న తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెనకాలే పరిగెత్తి చెప్పి ఉండవచ్చు. నూకరత్నం ఇంకా వీధి మలుపు దాటలేదు. కానీ ఏమని చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలి, కాగితం మీద సంతకం సంగతేమిటి అని ఆలోచిస్తూ కూర్చుంది. కేక దూరమై వినిపించకుండా పోయింది.

*

మళ్ళీ ఆదివారం నూకరత్నం వచ్చినప్పుడు ముగ్గురూ అరుగు మీదికి వచ్చారు. సులోచన ఆమె పక్కన కూర్చుని, తడబడుతూ మొత్తం చెప్పింది. నూకరత్నం మొదట నవ్వింది.

"పిల్లి సెప్పిందా?"

"పిల్లి చెప్పలేదు నూకరత్నం. దాని గొంతు మారుతోంది."

నవ్వు మెల్లగా ఆగిపోయింది. "అన్నం సయించట్లేదు" అంది. "నడుం ఎనకాల ఒకటే పీకుడు. గంప మోసి మోసి అనుకున్నాను. మా కూతురేమో ఎండదెబ్బంది." పిల్లిని ఒళ్ళోంచి దించబోయి, దించలేక, దాని తలమీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. "నిజవేనంటావా?"

"నిజమో కాదో చూపించుకుంటే తెలుస్తుంది. నేను వస్తాను నీతో."

పెద్దాసుపత్రిలో స్కానింగు చేశారు. క్లోమం చివర చిక్కుడు గింజంత గడ్డ. ఇంకా ఎక్కడికీ పాకలేదు, తీసెయ్యొచ్చు అన్నాడు సర్జను. ఇంత తొందరగా ఎవరూ రారమ్మా, నిన్నెవరు పంపించారు అనడిగాడు. నూకరత్నం సులోచన వైపు చూసింది. సులోచన తలదించుకుంది.

ఆపరేషనుకి ముందురోజు మధ్యాహ్నం వార్డులో సులోచన ఆమెకు బత్తాయి వలిచి ఇస్తోంది. నూకరత్నం కూతురు మందులకోసం వెళ్ళింది.

"నీ ఇంట్లో ఆ కూత వచ్చిన రోజు ఆదివారవేనా?" అంది నూకరత్నం.

"ఆదివారమే."

"మీరు ముగ్గురూ ఎప్పుడు సూపించుకున్నారు?"

"మర్నాడు."

"నా వల్లేనని నీకెప్పుడు తెలిసింది?"

సులోచన తొనలు వలవడం ఆపింది. "బుధవారం."

"నాకు సెప్పింది ఆదివారం." నూకరత్నం వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. ఆ గొంతులో కోపం లేదు. చేపల బేరం చేసేటప్పుడు కూడా అలాగే నిదానంగా అడుగుతుంది. "నాలుగు రోజులు. సర్లే, నాలుగు రోజులకేవవుద్ది. మరి ఆ మిగతా ఇళ్ళోళ్ళకి ఎన్నాళ్ళయిందమ్మా?"

సులోచన దగ్గర జవాబు లేక కాదు. ప్రతి ఇంటి తేదీ ఆమెకు కంఠతా వచ్చు. ఆ తేదీలు అక్కడ, ఆ మంచం పక్కన, నోరు తెరిచి చెప్పలేకపోయింది.

*

మరుసటి రోజు ఆపరేషను బాగా జరిగిందని తెలిసేదాకా ఉండి, ఆసుపత్రినుంచి నేరుగా బాపిరాజుగారింటికి వెళ్ళింది. ఇంట్లో నలుగురు. బాపిరాజుగారు, భార్య, కొడుకు, కోడలు. హాల్లో చిన్న కీబోర్డు మీద బూడిదరంగు పిల్లి నిద్రపోతోంది. గోడమీద అదే పిల్లి ఫొటో, మెడకి హెడ్‌ఫోన్లతో. ఆమె నిలబడే చెప్పింది. విన్నాక కొడుకు గట్టిగా అరిచాడు. నెలరోజులు తెలిసి ఊరుకున్నారా అన్నాడు. బాపిరాజుగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "నిన్నటిదాకా నిద్రపట్టేదమ్మా" అన్నాడు.

నలుగురూ పరీక్షలు చేయించుకున్నారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఇంటికి వచ్చిపోయేవాళ్ళనందర్నీ గుర్తు తెచ్చుకోమని సులోచన మళ్ళీ వెళ్ళి బతిమాలింది. వాళ్ళు పాలమనిషిని, చుట్టాలను, పక్కింటివాళ్ళను ఒక్కొక్కరినే అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. బూడిదరంగు పిల్లిని కొడుకు సంచిలో వేసుకెళ్ళి చేపల రేవు దగ్గర వదిలేశాడు. వాళ్ళ స్వరం ఎందుకు పడిపోయిందో తెలుసుకునే దారి దానితోపాటే పోయింది.

వారం తిరక్కుండానే కబురు ఊరంతా పాకింది. పదకొండు ఇళ్ళవాళ్ళు మెత్తలు తెచ్చి కేంద్రం గేటు దగ్గర పడేసి వెళ్ళారు. మరో పక్క పిల్లి చేత తమని వాసన చూపించమని జనం సులోచన ఇంటి అరుగు మీద వరసకట్టారు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్ళికొడుకు పక్కన కూర్చోబెడతాం, పిల్లిని ఇమ్మని ఒకాయన అడిగాడు. మిరియం బెదిరి మంచం కిందనుంచి రాలేదు.

విఠల్ ఆమెను పిలిచాడు. "నేను భయపడిందంతా జరిగింది" అన్నాడు. గొంతులో నిష్ఠూరం కంటే అలసటే ఎక్కువ. "మిమ్మల్ని పనిలోంచి ఆపమని పైనుంచి ఉత్తరం వచ్చింది."

"మీరు చెప్పినదాంట్లో తప్పు లేదండీ" అంది సులోచన. "నూకరత్నం ఇవాళ గంజి తాగింది. అది కూడా జరిగింది."

ఆయన ఆమె దగ్గరున్న కేంద్రం తాళాలు తీసుకుని సొరుగులో వేశాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళాక, "ఇంకెవరికైనా చెప్పాలా?" అని అడిగాడు.

"ఒకళ్ళకి."

*

గౌరీశంకర్ ఇంటికి చంద్రం కూడా వస్తానన్నాడు గానీ సులోచన వద్దంది. తన ఫోనులో దాచుకున్న ఆ ఇంటి రికార్డుతో ఒక్కతే వెళ్ళింది. సాయంత్రం నాలుగవుతోంది. గౌరీశంకర్ భార్య కామేశ్వరి అప్పుడే స్కూల్లో వంటపని ముగించుకుని వచ్చినట్టుంది, మెడ చుట్టూ తడి తువ్వాలు. గదిలో మూలన రిథం ప్యాడ్ దాని స్టాండు మీదే ఉంది. దాని మీద తేనెరంగు పిల్లి. వాళ్ళాయన దానికి తాళం అని పేరు పెట్టాడు.

"ఊళ్ళో అనుకుంటున్నారు" అంది కామేశ్వరి, కూర్చోమనకుండా. "మా ఇంట్లో కూడానా?"

"ఆయ్. మీ ఇంట్లో కూడా."

"ఎప్పుడు?"

"ఏప్రిల్ తొమ్మిదిన మొదలైంది. అప్పటికి నాకు రూఢిగా తెలీదు కామేశ్వరీ. అనుమానం ఉంది. చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

కామేశ్వరి పెదవులు కదిలాయి. లెక్కవేసుకుంటోందని సులోచనకు అర్థమైంది. ఏప్రిల్ తొమ్మిదినుంచి కామెర్లు కనిపించిన రోజుదాకా. ఆ మధ్యలో అన్నవరం వెళ్ళొచ్చారు. పదహారు కచేరీలు చేశాడతను.

కామేశ్వరి మెడ మీది తువ్వాలు తీసి, "అది మీ దగ్గరుందా?" అంది.

"ఏది?"

"ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఇది పాడింది. ఆ రోజులవి."

సులోచన ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి స్వరం వచ్చింది. పైన మొదలై, రెండు మెట్లు జారి, అక్కడ వణుకుతూ నిలిచింది. ప్యాడ్ మీది పిల్లి చెవులు నిక్కబొడుచుకుని తల తిప్పింది. కామేశ్వరి నేలమీద కూర్చుని, ఫోనును రెండు చేతులతో పట్టుకుని, తల వంచి వింది. ఒకటి అయిపోతే ఇంకోటి పెట్టమంది. ఒక చోట స్వరం కింద ఏదో చిన్న దరువు వినిపించింది, నాలుగు దెబ్బలు, ఒక విరామం, మళ్ళీ నాలుగు. పిల్లి పడుకున్న చోటుకి పక్కనే ఎవరో వేళ్ళతో తడుతున్నట్టు.

"ఆయనే" అంది కామేశ్వరి. "కుదురుండదు ఆ చేతికి."

అది మళ్ళీ వింది. మూడోసారి కూడా వింది. తర్వాత ఫోను తుడిచి సులోచన చేతికిచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఇది నాకు కాపీ చేసిపెట్టండి. చంద్రంగారితో పంపించండి."

"నేనే తెస్తాను."

"వద్దు. ఆయనతో పంపించండి."

సులోచన లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, అలవాటు చొప్పున వెళ్ళొస్తాననబోయింది.

"వెళ్ళొస్తాననకండి" అంది కామేశ్వరి లోపల్నుంచి. "వెళ్ళండి, చాలు."

సులోచన తల ఊపి, మెట్లు దిగి వెళ్ళింది.